పాత డెస్క్‌టాప్‌ను పారేసే ముందు

చిరాగ్‌పల్లి తెలంగాణకు చివరి ఊళ్లలో ఒకటి. హైదరాబాద్ నుంచి పుణె వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద అక్కడి చెక్‌పోస్టు దాటితే ఇక కర్ణాటకే. జహీరాబాద్ పక్కనే ఉంది, బీదర్ కూడా దూరమేం కాదు. కంప్యూటర్ విడిభాగాలకు పేరుపడ్డ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అంటే అందరూ సీటీసీ అని పిలిచే ఆ సముదాయం మాత్రం నూరు కిలోమీటర్ల పైమాటే. ఇలాంటి చోట ఇంటి కంప్యూటర్ మొరాయిస్తే ఎక్కువగా రెండు మాటలే వినిపిస్తాయి. మొదటిది ‘ఫార్మాట్ కొట్టిద్దాం’. దాంతో పని కాకపోతే రెండోది, ‘పాతదైపోయింది, కొత్తది తీసుకోండి’. రెండు సలహాల్లోనూ ఉన్న లోపం ఒక్కటే. చెడింది ఏ భాగమో ఎవరూ చూడలేదు. చూసి తేల్చుకుంటే, ఇళ్లలో మూలన పడున్న డెస్క్‌టాప్‌లలో చాలావాటిని ఇంకొన్నేళ్లు సుఖంగా వాడుకోవచ్చని, అందుకయ్యే ఖర్చు కొత్త మిషన్ ధరలో కొద్ది భాగమేనని నా వాదన. మరమ్మతును, అప్‌గ్రేడ్‌ను విడదీసి చూడటం వల్లే డబ్బు వృథా అవుతోంది. పని ఎక్కడ ఆగుతోందో కనిపెట్టి, ఆ ఒక్క చోటే డబ్బు పెట్టాలి.

ఈ మాట ఫోన్‌కు చెల్లదు. ఈమధ్య వస్తున్న పల్చటి ల్యాప్‌టాప్‌లకూ అంతగా చెల్లదు, వాటిలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికి వస్తోంది. డెస్క్‌టాప్ పుట్టుకే వేరు. 1981 ఆగస్టులో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను బయటి కంపెనీల భాగాలు తెచ్చి కూర్చింది. దానికి ఎవరైనా కార్డులు, పరికరాలు తయారుచేసుకునేలా సాంకేతిక వివరాలను బయటపెట్టింది. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే ప్రమాణం తెచ్చింది. మదర్‌బోర్డు స్క్రూలు ఎక్కడ పడాలి, భాగాలన్నింటికీ కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ సైజు ఎంత, ఏ తీగలో ఎన్ని వోల్టులు రావాలి అన్నీ అందులో నిర్ణయమయ్యాయి. ముప్ఫై ఏళ్లు గడిచినా క్యాబినెట్‌లో స్క్రూ రంధ్రాలు ఆ కొలతల ప్రకారమే ఉంటున్నాయి. పదేళ్ల కిందటి బోర్డు మీది సాటా కనెక్టరుకు నిన్న కొన్న ఎస్ఎస్‌డీ సరిగ్గా సరిపోతుంది. జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉంది. ఆ చుట్టుపక్కల ఏ రైతూ బ్యాటరీ దిగిపోయిందని ట్రాక్టర్ అమ్ముకోడు, బ్యాటరీ మార్చుకుంటాడు. డెస్క్‌టాప్‌ను కూడా అలా వాడుకోమనే తయారుచేశారు. బ్రాండెడ్ కంపెనీల చిన్న సైజు క్యాబినెట్‌లు కొన్నింటిలో ఎస్ఎంపీఎస్, కనెక్టర్లు ఆ కంపెనీకే ప్రత్యేకంగా ఉంటాయి. అవి ఈ మాటకు మినహాయింపు. షాపులో అసెంబుల్ చేయించిన మిషన్లకు ఆ ఇబ్బంది ఉండదు.

‘పనిచేయడం లేదు’ అనే ఫిర్యాదుతో ఎవరూ ఏమీ తేల్చలేరు. బటన్ నొక్కితే ఫ్యాన్ కూడా తిరగకపోవడం ఒక సమస్య, ఫ్యాన్ తిరిగి లైటు వెలిగి డిస్‌ప్లే రాకపోవడం పూర్తిగా వేరే సమస్య. మొదటిదైతే కరెంటు దారి పట్టుకుని వెళ్లాలి. గోడ సాకెట్, యూపీఎస్, పవర్ కేబుల్, క్యాబినెట్ వెనక ఎస్ఎంపీఎస్ మీదుండే చిన్న స్విచ్చి, ఆ తర్వాతే ఎస్ఎంపీఎస్. సాకెట్‌లో టేబుల్ ఫ్యాన్ పెట్టి చూడటం, పక్కింటి నుంచి ఇంకో పవర్ కేబుల్ తెచ్చి పెట్టడం లాంటి పైసా ఖర్చులేని పరీక్షలు అయ్యాకే ఎస్ఎంపీఎస్‌ను అనుమానించాలి. రెండోదైతే ముందు మానిటర్‌ను చూడాలి. తెర మీద ‘నో సిగ్నల్’ అని వస్తే మానిటర్ బాగానే ఉన్నట్టు, బొమ్మ దానిదాకా రావడం లేదన్నమాట. కేబుల్ రెండు చివరలా గట్టిగా ఉందో లేదో చూశాక చేతికి తగలాల్సింది ర్యామ్. ఎండకు సాగి చలికి ముడుచుకుంటూ, ఏళ్ల తరబడి దుమ్ము పట్టి ర్యామ్ స్టిక్కు స్లాటులో పట్టు వదులుతుంది. ప్లగ్ పీకేసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కిపట్టి, క్యాబినెట్ ఇనుప రేకును ఒకసారి ముట్టుకున్నాకే లోపల చెయ్యి పెట్టాలి. స్లాటుకు చివర్లలో ఉన్న తెల్ల క్లిప్పులను బయటికి నొక్కితే స్టిక్కు పైకి లేస్తుంది. కింది అంచున వరసగా ఉన్న బంగారు రంగు గీతలను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, అంచులోని గాటు స్లాటుతో సరిచూసుకుని మళ్లీ పెట్టి బొటనవేళ్లతో సమానంగా నొక్కాలి. ‘టక్’ మని క్లిప్పులు వాటంతటవే మూసుకుంటేనే అది కూర్చున్నట్టు. రెండు స్టిక్కులుంటే ఒక్కొక్కటే పెట్టి చూడాలి. ‘డెడ్’ అని పక్కన పెట్టేసిన కంప్యూటర్లలో చెప్పుకోదగ్గ భాగం ఈ ఒక్క పనితో లేచి కూర్చుంటాయి.

ఇక్కడ పాటించాల్సిన నియమం ఒక్కటే, ఒకసారికి ఒక్కటే మార్చాలి. ర్యామ్, కేబుల్, ఎస్ఎంపీఎస్ అన్నీ ఒకేసారి మార్చేస్తే కంప్యూటర్ ఆన్ కావచ్చు గానీ, చెడింది ఏదో ఎప్పటికీ తెలియదు. బిల్లు మాత్రం మూడింటికీ పడుతుంది. బూటు కావడానికి అక్కర్లేనివన్నీ తీసేయడం కూడా ఈ నియమంలో భాగమే. డీవీడీ డ్రైవ్, రెండో హార్డ్ డిస్క్, విడిగా పెట్టిన గ్రాఫిక్స్ కార్డు, పెన్‌డ్రైవ్ అన్నీ విప్పేసి (బోర్డులోనే డిస్‌ప్లే సౌకర్యం ఉంటే) ప్రాసెసర్, ఒక ర్యామ్ స్టిక్కు, ఎస్ఎంపీఎస్‌లతో చూడాలి. అప్పుడు డిస్‌ప్లే వస్తే తీసినవాటిలో ఒకటి దొంగ. అప్పటికీ రాకపోతే అనుమానం బోర్డు మీదికి వెళుతుంది. ప్రాసెసర్ చుట్టూ పీపాల్లా నిలబడి ఉండే కెపాసిటర్ల తలలు చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు జిగురు లాంటిది కారినా ఆ బోర్డు చివరి దశలో ఉన్నట్టే.

చిన్న భాగం ఎంత పెద్ద తికమక పెడుతుందో చెప్పడానికి మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీని మించింది లేదు. దాని పేరు సీఆర్2032, మూడు వోల్టులు. ప్లగ్ పీకేసినా కంప్యూటర్ గడియారం నడిచేది దానివల్లే. కొన్నేళ్లకు అది ఖాళీ అవుతుంది. అప్పటి నుంచి కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ ఏ పదేళ్లో వెనక్కి పోతుంది. బ్యాంకుల, ప్రభుత్వ సేవల వెబ్‌సైట్లు తెరిచేటప్పుడు బ్రౌజరు ఆ సైటు భద్రతా సర్టిఫికెట్ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుందో చూస్తుంది. కంప్యూటర్ 2012లో ఉన్నాననుకుంటే ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, కాబట్టి ‘ఈ కనెక్షన్ సురక్షితం కాదు’ అని అడ్డుకుంటుంది. ఇంట్లోవాళ్లు వైరస్ అనుకుంటారు, నెట్ బాగాలేదనుకుంటారు, చివరికి ఫార్మాట్ కొట్టిస్తారు. ఫార్మాట్ చేసినవాళ్లు తేదీ సరిచేస్తారు కాబట్టి ఆ రోజుకు బాగుంటుంది, మళ్లీ కరెంటు పోగానే కథ మొదటికొస్తుంది. కిరాణా కొట్లో కూడా దొరికే ఆ బ్యాటరీ మార్చడానికి అరనిమిషం చాలు.

ఎక్కువమంది కొత్త కంప్యూటర్ కొనేది మాత్రం చెడిపోయినందుకు కాదు, నెమ్మదించినందుకు. నెమ్మదితనానికి కారణం తెలుసుకునే సాధనం విండోస్‌లోనే ఉంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో సీపీయూ, మెమరీ, డిస్క్ అని మూడు శాతాలు కదులుతుంటాయి. కంప్యూటర్ ఈడుస్తున్న సమయంలో ఏది నూటికి దగ్గరగా ఉందో చూడాలి. హార్డ్ డిస్క్ మీద నడిచే పాత మిషన్లలో సాధారణంగా సీపీయూ ఇరవై ముప్ఫై దగ్గర తీరిగ్గా ఉంటుంది, డిస్క్ మాత్రం నూరు దగ్గర అతుక్కుపోయి ఉంటుంది. కారణం లెక్క కట్టి చూడొచ్చు. మామూలు డెస్క్‌టాప్ హార్డ్ డిస్క్ పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన గీత మీదికి ముల్లు జరగడానికి ఇంకో ఎనిమిదో తొమ్మిదో మిల్లీసెకన్లు. ఈ లెక్కన చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్లను సెకనుకు వందకు లోపే వెతికి తేగలదు. విండోస్ లేచేటప్పుడు అడిగేవి వేల కొద్దీ చిన్న ఫైళ్లు. ఎస్ఎస్‌డీలో తిరిగేదీ జరిగేదీ ఏమీ లేదు, అది ఇదే పనిని సెకనుకు వేల సంఖ్యలో చేస్తుంది. నాలుగో తరం ఐ3 ఉన్న 2013 నాటి కంప్యూటర్‌కు మామూలు సాటా ఎస్ఎస్‌డీ పెడితే కొత్తది కొన్నామా అనిపించడానికి కారణం ఇదే. ప్రాసెసర్ ఎప్పుడూ చేతకానిది కాదు, ఇన్నాళ్లూ ఫైలు వచ్చేదాకా ఎదురుచూస్తూ కూర్చుందంతే.

అయితే డిస్క్ నూరు చూపించగానే ఎస్ఎస్‌డీకి పరుగెత్తకూడదు, పక్కనే ఉన్న మెమరీ అంకె కూడా చూడాలి. 4 జీబీ ర్యామ్‌లో విండోస్ 10తో పాటు బ్రౌజరులో నాలుగైదు ట్యాబులు తెరిస్తే ఖాళీ మిగలదు. అప్పుడు విండోస్ ర్యామ్‌లో పట్టని సరుకును డిస్కు మీదికి దించి, అవసరమైనప్పుడు మళ్లీ ఎక్కిస్తుంది. చూడటానికి డిస్క్ తప్పులా కనిపిస్తుంది, అసలు కొరత ర్యామ్‌ది. ఇంకో సంగతి. 32 బిట్ విండోస్ ఎక్కించి ఉంటే 4 జీబీ కూడా పూర్తిగా వాడుకోలేదు, మూడు జీబీకి కాస్త పైన ఆగిపోతుంది. అలాంటి మిషన్‌కు ర్యామ్ కొనిపెట్టినా దండగే. ముందు 64 బిట్ వేయాలి. ర్యామ్ కొనేటప్పుడు బోర్డు తీసుకునే రకాన్నే కొనాలి. డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కి 288, గాటు కూడా వేరేచోట ఉంటుంది. ఒకదాని స్లాటులో ఇంకొకటి దిగదు, బలవంతంగా నొక్కితే స్లాటు విరుగుతుంది. మరీ చవగ్గా దొరికే డీడీఆర్3 స్టిక్కులు కొన్ని ఏఎండీ బోర్డుల మీదే పనిచేస్తాయి, ఇంటెల్ బోర్డు ఉన్నవాళ్లు అడిగి తెలుసుకుని తీసుకోవాలి.

డబ్బు తక్కువగా ఉండి ఒక్కటే కొనగలిగితే నా ఓటు ఎస్ఎస్‌డీకే. వేగం ఒక కారణం. రేపు బోర్డు పోయి కొత్తది కొనాల్సి వచ్చినా ఎస్ఎస్‌డీ దాంతో పాటు వచ్చేస్తుందన్నది అంతకంటే పెద్ద కారణం. క్యాబినెట్, మానిటర్, మంచి కీబోర్డు మీద పెట్టిన డబ్బు కూడా అలాంటిదే. డీడీఆర్3 ర్యామ్, పాత సాకెట్ ప్రాసెసర్ మీద పెట్టింది ఆ బోర్డుతోనే పోతుంది. అందుకే వాటిని సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే చాలు. ఎస్ఎస్‌డీ, ఎస్ఎంపీఎస్ మాత్రం కొత్తవి, బిల్లుతో, వారంటీతో తీసుకోవాలి. పాత క్యాబినెట్‌లో ఎస్ఎస్‌డీ పెట్టే చోటు లేదని దిగులు పడనక్కర్లేదు. అరచేతిలో పట్టే తేలికపాటి డబ్బా అది, ఒక స్క్రూతో బిగించినా, అడుగున రెండువైపులా అంటుకునే టేపుతో అతికించినా కదలదు. పాత హార్డ్ డిస్క్‌ను ఫొటోలకు, వీడియోలకు ఉంచుకోవచ్చు. కాకపోతే ముందు దాని ఆరోగ్యం చూడాలి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం డిస్కు తన గురించి తాను రాసుకున్న వివరాలు చూపిస్తుంది. పాడైన సెక్టార్ల సంఖ్య పెరుగుతోందంటే ఆ రోజే అందులోని పెళ్లి ఫొటోలు, పాసుపుస్తకాల స్కాన్లు ఇంకోచోటికి కాపీ చేసుకోవాలి. కటకట శబ్దం మొదలయ్యాక చాలాసార్లు ఆ అవకాశం ఉండదు.

ఇక దుమ్ము సంగతి. జహీరాబాద్ చుట్టుపక్కల ఎర్రమట్టి నేలలు. రోడ్డు పక్క ఇళ్లలో ఆ సన్నటి ధూళి కిటికీలోంచి వచ్చి క్యాబినెట్ ఫ్యాన్ లాగే గాలితో లోపలికి చేరి, ప్రాసెసర్ మీది హీట్ సింక్ రేకుల మధ్య దుప్పటిలా పేరుకుంటుంది. వేడి బయటికి పోక ప్రాసెసర్ నూరు డిగ్రీల దరిదాపుల్లోకి వచ్చిందంటే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ చల్లబడకపోతే మిషన్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. వేసవి మధ్యాహ్నాల్లో మాత్రమే ఆగిపోయే కంప్యూటర్‌కు విండోస్ మార్చినా లాభం లేదు. ఆరుబయట పెట్టి బ్లోయర్‌తో దుమ్ము ఊదాలి, ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. ఎండి పెళుసుబారిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది బఠాణీ గింజంత పెట్టాలి. కరెంటు సంగతి కూడా ఇంతే ముఖ్యం. ఎర్తింగ్ లేని సాకెట్, లేబుల్ మీద పెద్ద అంకె వేసుకున్న చవక ఎస్ఎంపీఎస్ కలిస్తే కారణం తెలియని రీస్టార్టులు మొదలవుతాయి. లేబుల్ మీద మొత్తం వాట్ల కంటే 12 వోల్టుల పక్కన ఎన్ని ఆంపియర్లు రాశారో చూడాలి. ప్రాసెసర్‌కు తిండి పెట్టేది ఆ తీగే. ఎస్ఎంపీఎస్ మూత మాత్రం ఇంట్లో ఎవరూ విప్పకూడదు. మన 230 వోల్టుల కరెంటు దాని లోపలి కెపాసిటర్లలో 320 వోల్టులకు పైగా నిలవ ఉంటుంది, ప్లగ్ తీశాక కూడా కొంతసేపు అలాగే ఉంటుంది.

పాతదాన్నే నిలబెట్టుకోవాలన్న ఈ వాదనకు బలమైన అభ్యంతరం విండోస్ నుంచి వస్తుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ కావాలంటారు. 2017కు ముందు కొన్న మిషన్లన్నీ దాదాపుగా దీనికి అవతలే. మరి వాటి మీద డబ్బు పెట్టడం తెలివైన పనేనా? ఈ ప్రశ్నను కొట్టిపారేయలేం. భద్రతా అప్‌డేట్లు రాని విండోస్ మీద బ్యాంకు పనులు చేయడం మంచిది కాదు, ఏవో కిటుకులతో విండోస్ 11 ఎక్కించినా అప్‌డేట్లు వస్తూనే ఉంటాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వలేదు. కానీ దారులు ఉన్నాయి. ఇళ్లలో వాడే విండోస్ 10కి నమోదు చేసుకున్నవాళ్లకు 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు ఇస్తామని ఆ సంస్థే ప్రకటించింది. అంతకంటే నిలకడైన దారి లినక్స్. లినక్స్ మింట్‌కు 4 జీబీ ర్యామ్ సరిపోతుంది, ఎస్ఎస్‌డీ తోడైతే చకచకా నడుస్తుంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులోనే కనిపించే లినక్స్‌ను తయారుచేసి చూపించింది కూడా. బ్రౌజింగు, యూట్యూబ్ పాఠాలు, దరఖాస్తులు నింపడం, ఉత్తరాలు టైపు చేసుకోవడం లాంటి ఇంటి పనులకు అది ఏ లోటూ చేయదు. పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్‌లతో పెళ్లి పత్రికలు, కరపత్రాలు వేసే డీటీపీవాళ్లకు మాత్రం పాత విండోసే కావాలి. వాళ్లు ఆ మిషన్‌ను నెట్‌కు కలపకుండా వాడుకోవడం మేలు.

పాత మిషన్ కరెంటు తాగుతుందనే మాట కూడా ఉంది. మామూలు పనుల్లో పాత డెస్క్‌టాప్ 60 వాట్లు తీసుకుంటుందనుకుందాం, రోజుకు నాలుగు గంటల చొప్పున నెలకు ఏడు యూనిట్లు. కొత్త చిన్న మిషన్ 15 వాట్లకే నడిచినా మిగిలేది నెలకు ఐదారు యూనిట్లు. దానికోసం పాతిక ముప్ఫై వేలు పెట్టడం లెక్కకు నిలవదు. ఇంకా పాత గాజు గొట్టం మానిటర్ వాడుతుంటే దాన్ని మార్చుకోండి, అది ఒక్కటే దాదాపు ఇంకో కంప్యూటరంత కరెంటు తీసుకుంటుంది. విడిభాగాలు కూడా పిరమైపోతున్నాయి కదా అంటే, నిజమే. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ ధరలు పెరిగాయి. 2025 డిసెంబరులో మైక్రాన్ సంస్థ క్రూషల్ పేరుతో మామూలు కొనుగోలుదారులకు ర్యామ్, ఎస్ఎస్‌డీలు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. అయితే ఆ పెరిగిన ధర కొత్త కంప్యూటర్‌లోనూ ఉంటుంది. ఉన్న దాన్ని నిలబెట్టుకోవడానికి అది ఇంకో కారణమే అవుతుంది.

ఎక్కడ ఆపాలో కూడా చెప్పాలి. డీడీఆర్2 ర్యామ్ వాడే, కోర్ 2 డ్యుయో కాలం నాటి బోర్డు పోతే దాని మీద ఇక రూపాయి పెట్టొద్దు. బోర్డు, ప్రాసెసర్ రెండూ మార్చాల్సి వచ్చినా, మొత్తం ఖర్చు సెకండ్ హ్యాండ్‌లో దొరికే ఎనిమిదో తరం మిషన్ ధరలో సగం దాటినా ఆగిపోవడమే మంచిది. అప్పుడు కూడా ఎస్ఎస్‌డీ, మానిటర్, యూపీఎస్ మీతోనే ఉంచుకోండి. మిగిలింది పాత ఇనుము బండికి వేయకండి, లైసెన్సున్న ఈ-వేస్ట్ రీసైక్లర్‌కు చేరేలా చూడండి. హార్డ్ డిస్క్‌ను పూర్తిగా చెరిపేయనిదే ఎవరి చేతికీ ఇవ్వకండి.

‘మనకెందుకీ తలనొప్పి, షాపువాళ్లకు తెలుసు కదా’ అనేవాళ్లకు ఒక మాట. షాపు వద్దని ఎవరూ అనడం లేదు. బోర్డు మీద టంకం వేయాల్సిన పని, ఎస్ఎంపీఎస్ పని వాళ్లే చేయాలి. కానీ ‘స్లోగా ఉంది, చూడండి’ అని ఇచ్చే మనిషికీ, ‘ర్యామ్ మార్చి మార్చి పెట్టి చూశాను, రెండో స్లాటులో డిస్‌ప్లే రావడం లేదు’ అని చెప్పే మనిషికీ పడే బిల్లు ఒకటి కాదు. సికింద్రాబాద్ బస్సెక్కే ముందు ప్లగ్ తీసి, క్యాబినెట్ పక్క రేకు విప్పి, మదర్‌బోర్డు మీద అచ్చువేసిన మోడల్ నంబరు, ర్యామ్ మీది స్టిక్కరు, ఎస్ఎంపీఎస్ లేబులు ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. టాస్క్ మేనేజర్ మూడు అంకెలదీ ఒక ఫొటో తీయండి. ఆ నాలుగు ఫొటోలు చూపించి అడిగితే ఏ కౌంటర్ దగ్గరైనా మీ మిషన్‌కు సరిపడే భాగమే చేతికొస్తుంది, రెండోసారి తిరగాల్సిన పని పడదు.